తలుపు తియ్యమన్నది ఎవరు

తాళంచెవి పోయిందని మా షాపుకు ఫోన్ చేసేవాళ్ళందరికీ మొదట నా ప్రశ్నలు తగులుతాయి. ఇల్లు ఎవరిది? మీరు ఆ ఇంటికి ఏమవుతారు? లోపల ఎవరైనా ఉన్నారా? ఇల్లు మీదేనని చెప్పడానికి పక్కింటివాళ్ళెవరైనా వస్తారా? వానలో తడుస్తూ, రెండు చేతులా సంచులతో సొంత గుమ్మం ముందు నిలబడ్డ మనిషిని ఇన్ని అడిగితే ఒళ్ళు మండదా? మండుతుంది. "తాళం తియ్యమ్మా అంటే నా పుట్టుపూర్వోత్తరాలన్నీ అడుగుతావేంటి?" అంటారు. "మండితే మండనివ్వండి, దొంగకి మాత్రం ఇంత మండదు, వాడు ఓపిగ్గా జవాబు చెప్తాడు" అంటాను నేను.

ప్రశ్నలు నావి కావు, మా నాన్నవి. ఆయన వయసులో ఉండగా ఒక పెద్దమనిషి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, ఇల్లు నాదే, తాళంచెవి పారేసుకున్నాను అంటే నమ్మి తలుపు తీసిపెట్టాడు. ఆ పెద్దమనిషి ఇల్లు ఊడ్చుకుపోయాడు. నాన్న వెళ్ళి పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చున్నాడు. అక్కణ్ణుంచి వచ్చాక నన్నూ తమ్ముణ్ణీ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఈ ప్రశ్నలు వల్లె వేయించాడు. ఫోన్‌లో ఒకసారి అడగాలి, గుమ్మం దగ్గర మళ్ళీ అడగాలి. రెండు జవాబులూ కలవకపోతే సంచి భుజానేసుకుని వెనక్కి వచ్చెయ్యాలి.

నాన్న పోయినా ప్రశ్నలు మాత్రం మాకు మిగిలాయి. షాపులో కూర్చుని తాళంచెవులు కోసేది, ఫోన్ ఎత్తేది నేను. బయటి పనులకు వెళ్ళేది తమ్ముడు. వాడికి మీసాలు నెరుస్తున్నాయి గానీ నెమ్మదస్తుడు, నోట్లో నాలుక లేదు. ఆ లోటు నేను తీరుస్తానని వీధిలో అందరూ అంటారు. అననివ్వండి.

మొన్న పొద్దున షట్టరు ఎత్తానో లేదో ఫోన్ మోగింది. ఎవరో ఆడమనిషి, గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"తాళాల షాపేనాండీ? మా ఇంటి తలుపుకి తాళం మార్చాలి. సాయంత్రం లోపల అవుతుందా?"

"ఇల్లు ఎవరిదమ్మా?"

"మావారిది."

"ఆయనున్నారా?"

"లేరండీ. పనిమీద పొరుగూరు వెళ్ళారు. సాయంత్రానికి వచ్చేస్తారు."

"తాళం మారుస్తున్నట్టు ఆయనకి తెలుసా?"

"తెలీదండీ" అంది.

ఇల్లు నాదేనని ఒక్క ముక్క అని ఉంటే నేను తమ్ముణ్ణి పంపేసేదాన్ని. ఆ ముక్క ఆమె నోట రాలేదు. "కుదరదమ్మా. ఆయన చేత ఫోన్ చేయించండి" అన్నాను. "సరేనండీ, ఏమీ అనుకోకండి" అని పెట్టేసింది.

ఏమీ అనుకోకూడదట! ఇంక నేను అనుకోకుండా ఎలా ఉంటాను? ఒకాయన బీరువా తాళంచెవి కొయ్యమని ఇచ్చి వెళితే దాన్ని పాడు చేశాను. రెండోది కూడా పాడు చేశాను. మొగుడు వచ్చేలోపల తాళం మార్చాలంటే అతని తాళంచెవి ఆ తలుపుకి పట్టకూడదనేగా? ఆ మాత్రం అర్థం కావడానికి నాకు చదువు కావాలా? నాన్న మీద కోపం వచ్చింది, ఆయన ప్రశ్నల మీద కోపం వచ్చింది, అన్నిటికీ నిజమే చెప్పిన ఆ పిచ్చిదాని మీదా కోపం వచ్చింది.

అప్పుడు తట్టింది. తాళం మార్చడమంటే ఇంటివాణ్ణి బయట పెట్టడం. లోపల గడియ బిగించడం అలా కాదు. ఇంట్లో ఉన్న మనిషి గడియ వేసుకోవడానికి ఎవరి సెలవూ అక్కర్లేదు. ఫోన్‌లో వచ్చిన నంబరుకు నేనే చేశాను. "గడియైతే బిగిస్తాను, ఇల్లెక్కడో చెప్పండి" అన్నాను. తమ్ముడు ఊరి చివర ఏదో గోదాము షట్టరు ఇరుక్కుందని పొద్దున్నే పోయాడు. షాపు మూసి నేనే బయల్దేరాను.

రెండో అంతస్తు. ఇరుకు మెట్లు, కటకటాలకు కొత్తగా వేసిన రంగు ఇంకా చేతికంటుతోంది. ఆమె గోడ పట్టుకుని నడిచొచ్చి తలుపు తీసింది. మా తమ్ముడి కంటే చాలా చిన్నది. అంత ఎండలోనూ మణికట్ల దాకా చేతులున్న చొక్కా వేసుకుంది. ఎడమ చీలమండ వాచి ఉంది.

"మెట్ల మీద పడ్డానండీ" అంది, నేను అడక్కముందే.

"నేనడిగానా? ఆ మెట్లకి మీసాలున్నాయేమో చెప్పండి చాలు" అన్నాను. నా నోరంతే. ఆమె నవ్వలేదు, కోప్పడనూ లేదు. కుర్చీలో కూర్చుని కాలు స్టూలు మీద పెట్టుకుంది.

"మా అక్క రేపు పొద్దున కారు తీసుకుని వస్తోంది. నన్ను తీసుకెళ్ళిపోతుంది. ఇంక రాను. ఈ సంగతి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలీదండీ. ఈ ఒక్క రాత్రి తలుపు ఆగితే చాలు."

"పోలీసులకి చెప్పకపోయారా?"

"ఒకసారి చెప్పాను. వచ్చారు. ఆయన కుర్చీలు వేసి, నవ్వుతూ మాట్లాడి పంపించారు. వెళ్తూ వెళ్తూ వాళ్ళు నాకే బుద్ధులు చెప్పారు."

"అయితే ఈ రాత్రికి మా ఇంటికి రండి."

"ఈ కాలుతో అన్ని మెట్లు దిగలేనండీ. అక్కకి ఈ ఇల్లయితే తెలుసు." తలుపు వైపు చూసి, "తలుపు ఆగుతుందంటారా?" అని అడిగింది.

"ఏనుగొచ్చి తోసినా ఆగుతుంది" అన్నాను. షాపులో ఉన్నవాటిలోకెల్లా లావుపాటి గడియ తెచ్చాను. చెక్క దాటి గోడలోకి దిగే మరలు బిగించాను. బిగించి, బయట నిలబడి ఆమెను గడియ వెయ్యమని నా ఒంటి బరువంతా వేసి తోశాను. నా బరువు తక్కువేం కాదు. తలుపు కదల్లేదు. లోపల ఆమె గడియ తీసింది, వేసింది, మళ్ళీ తీసింది. అప్పుడు మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు కడుపు నిండిపోయింది.

పని అయ్యాక గుమ్మం పక్కన, బయటి వైపు, మా షాపు స్టిక్కరు అంటించడం మాకు అలవాటు. షాపు పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. నాన్న రోజుల నుంచీ ఏ పని చేసినా అది అంటించకుండా మేము మెట్లు దిగం. సంచి సర్దుకుంటూ, ఆమెకు జాగ్రత్తలు చెబుతూ, స్టిక్కరు అంటించి బొటనవేలితో గట్టిగా ఒత్తాను. చేతికి అలవాటైన పని, దాని గురించి ఆలోచించనైనా లేదు.

ఆ తర్వాత కొయ్యని తాళంచెవులు కొనడానికి బజారుకు పోయాను. షాపు మూసి ఉన్నప్పుడు వచ్చే ఫోన్లు తమ్ముడి ఫోన్‌కి వెళతాయి. తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది. షట్టరు ఇంకా వేసే ఉంది. తమ్ముడికి చేశాను.

"ఎక్కడ తగలడ్డావురా?"

"పనిలో ఉన్నానక్కా. మన కస్టమరే. పొద్దున నువ్వు గడియ బిగించావటగా? ఆవిడ లోపల గడియ వేసుకుని కళ్ళు తిరిగి పడిపోయిందట. వాళ్ళాయన ఊరినుంచి వచ్చి, గుమ్మం మీద మన స్టిక్కరు చూసి ఫోన్ చేశాడు. పాపం, ఒకటే కంగారు."

"ఒరేయ్, ఆ తలుపు తియ్యకురా!"

"తీసేశానక్కా" అన్నాడు.

నా వయసులో మనిషి పరిగెత్తకూడదు. పరిగెత్తాను. మెట్లెక్కేసరికి తమ్ముడు బయట వరండాలో డ్రిల్లు తుడిచి సంచిలో పెట్టుకుంటున్నాడు. తలుపు బార్లా తెరిచి ఉంది. తలుపుకి గడియ పిడి దగ్గర సరిగ్గా ఒక బెజ్జం.

"అడిగావా? ఏమైనా అడిగావా అసలు?" అన్నాను వాడి చొక్కా పట్టుకుని.

"అన్నీ అడిగానక్కా! ఇల్లు ఎవరిదంటే ఆయనదే. ఏమవుతారంటే మొగుడు. లోపల ఎవరంటే పెళ్ళాం. పక్కింటాయన కూడా వచ్చి ఈయనేనని చెప్పాడు. ఫోన్‌లో ఏం చెప్పాడో గుమ్మం దగ్గరా అదే చెప్పాడు. నాన్నుంటే మెచ్చుకునేవాడు."

"లోపలి మనిషి ఏమీ అనలేదా?"

"అంది. తియ్యొద్దు, తియ్యొద్దు అంది. ఒంట్లో బాగోనప్పుడు ఇలాగే పలవరిస్తుందండీ అన్నాడాయన. అందుకే నేనే ధైర్యం చెప్పా. కంగారుపడకండమ్మా, వచ్చేస్తున్నాం, ఇంక ఎంతోసేపు పట్టదు అని." వాడు నా మొహం చూసి ఆగాడు. "మన గడియే కదక్కా. పిడి ఎక్కడుంటుందో కళ్ళు మూసుకుని చెప్తాను. బెజ్జం వేసి తీగతో లాగేశా."

వాణ్ణి కొట్టాలనిపించింది. కొట్టి ఏం లాభం? లోపల ఎవరున్నారని బయటివాణ్ణి అడగమన్నాడు నాన్న. లోపల ఉన్నవాళ్ళను అడగమనలేదు. ఆమె చెప్పనే చెప్పింది, అది వాడికి జవాబులా వినిపించలేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడుస్తూనే లోపలికి నడిచాను.

ఆమె పొద్దున కూర్చున్న కుర్చీలోనే కూర్చుని ఉంది. దెబ్బలేమీ కొత్తగా కనపడలేదు. అతను ఆమె వెనక నిలబడి కుర్చీ మీద చెయ్యి వేసి ఉన్నాడు. సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. "రండి, కూర్చోండి. మీరేనా పొద్దున వచ్చింది? గడియ చాలా గట్టిగా బిగించారు" అన్నాడు. మాటలో ఎక్కడా విసుగు లేదు. తేనె పూసిన కత్తి అంటారే, అలాంటివాణ్ణి నేను అంత దగ్గరగా చూడటం అదే మొదలు.

నేను అతనితో మాట్లాడలేదు. "లెయ్యమ్మా. మాతో వచ్చెయ్. మా తమ్ముడు మోసుకొస్తాడు, మెట్లు నువ్వు దిగక్కర్లేదు" అన్నాను ఆమెతో. తమ్ముడికి అప్పటికి సంగతి తెలిసింది. సంచి కింద పడేసి ముందుకు వచ్చాడు.

ఆమె వాడి వైపు చూసింది. తర్వాత నా వైపు. "మీరు పంపించారా?" అని అడిగింది.

"అయ్యో, లేదమ్మా! నాకు తెలీదు. వాడికీ తెలీదు."

"ఆ స్టిక్కరు మీదేగా" అంది.

ఏం చెప్పను? మాదే. ఆమె చేతులు రెండూ కుర్చీ చేతుల మీద బిగించి పట్టుకుంది. మోసుకెళ్ళడానికి తమ్ముడు ఇంకో అడుగు వేసేసరికి వెనక్కి జరిగింది. వాడు అక్కడే ఆగిపోయాడు.

"ఆవిడ రానంటోంది కదండీ" అన్నాడు అతను. "బలవంతం చేస్తే బాగుండదు. చీకటి పడుతోంది, మీరు బయల్దేరండి."

ఆ మర్యాదకి నాకు తిక్క రేగింది. కళ్ళు కనపడలేదు.

"నేను కదల్ను!" అని అరిచాను. "ఏం చేసుకుంటావో చేసుకో. నేనూ మా తమ్ముడూ ఈ గుమ్మం ముందే కూర్చుంటాం. పొద్దున వాళ్ళక్క కారేసుకుని వచ్చి ఈ పిల్లని తీసుకెళ్ళేదాకా ఇక్కణ్ణుంచి లేస్తే నా పేరు మార్చుకుంటా!"

ఆమె కళ్ళు మూసుకుంది. ఆ కళ్ళు మూసుకోవడం చూశాకే నేను ఏమన్నానో నాకు వినిపించింది.

"మీ అక్క వస్తోందా?" అన్నాడు అతను, ఆమె మీదికి కొంచెం వంగి. "నాకు చెప్పనేలేదే."

బల్ల మీది ఆమె ఫోన్ తీసుకుని నంబరు నొక్కాడు. "వదినా, నేనండీ. బాగున్నారా? రేపు మీరు వస్తున్నారటగా, ఇప్పుడే తెలిసింది. పొద్దున్నే మేమిద్దరం ఊరెళ్తున్నాం వదినా, మీరు అంత దూరం శ్రమపడి రాకండి. ఇదిగో, మీ చెల్లెలితో మాట్లాడండి." ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టి, తనే పట్టుకున్నాడు.

"అవునక్కా" అంది ఆమె. "రావద్దు."

అవతలి గొంతు గట్టిది, నిలబడ్డ చోటికి నాకు వినపడుతోంది. "నువ్వే అంటున్నావా ఈ మాట? నిజం చెప్పు. పక్కన ఎవరైనా ఉన్నారా?"

ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసింది. చెప్పమ్మా, చెప్పు, అని నోరు కదిపాను.

"ఎవరూ లేరక్కా" అంది. "తాళాలవాళ్ళు వచ్చారు, అంతే."

అతను ఫోన్ జేబులో పెట్టుకుని, మా ఇద్దరినీ బయటికి పంపి తలుపు దగ్గరికి వేశాడు. అన్న మాట ప్రకారం నేనూ తమ్ముడూ మెట్ల మీద కూర్చున్నాం. పొద్దున్న ఎవరూ రారు.