బాగుంది, కానీ

ఆయుధపూజ రోజు ఉదయం నేను లేచేసరికి నా అభిప్రాయం నాకంటే ముందే లేచి హాల్లో నా కుర్చీలో కూర్చుని ఉంది. నా గళ్ళ చొక్కా వేసుకుంది. నాకంటే కాస్త పొడుగ్గా ఉంది. మీసం కూడా నా మీసం కంటే నల్లగా ఉంది. నా భార్య సువర్చల కాఫీ తెచ్చి దాని చేతికి ఇస్తుంది.

"నాకేదీ?" అంటాను.

"ఆయన తాగితే మీరు తాగినట్టే కదండీ. పాలు తక్కువున్నాయి," అంటుంది సువర్చల.

అదీ నిజమే. అది ఒక గుక్క తాగగానే నా నాలుకకు కాఫీ తగులుతుంది. పంచదార చాల్లేదు.

"ఇప్పటి కంప్యూటర్లూ కంప్యూటర్లేనా?" అంటుంది నా అభిప్రాయం, ఫ్యాను వైపు చూస్తూ. "మూత విప్పితే లోపల అన్నీ అతికించేసి చస్తారు. ర్యామ్ మార్చుకోనివ్వని దాన్ని కంప్యూటరనరు, అప్పడాల పీటంటారు."

నేను తలూపుతాను. ఊపక చస్తానా, అది నేను పెంచిందే. క్యాసెట్టు నోటితో ఊది వీడియో గేములో దూర్చే వయసు నుంచీ దాన్ని పెంచుతున్నాను. మా పటమటలో ఎవరు కంప్యూటర్ కొన్నా, కారు కొన్నా, పిల్లలకి గేము కొన్నా ముందు దాన్ని అడగాల్సిందే. అడగకుండా కొన్నవాళ్ళ ఇంటికి అదే వెళ్ళి చెప్పి వస్తుంది.

మా అమ్మాయి తన్మయి తల తుడుచుకుంటూ గదిలోంచి వస్తుంది. ఏడాదిగా ఒక కంప్యూటర్ ఆట తయారుచేస్తోంది, ఒక్కతే. ఇవాళ సాయంత్రం ఆరింటిలోగా దాన్ని హైదరాబాదులో ఆటలు తయారుచేసే ఒక చిన్న కంపెనీకి పంపాలి. నచ్చితే ఉద్యోగం ఇస్తారు. పంపకపోతే సోమవారం నుంచి బ్యాంకు పరీక్షల కోచింగుకి వెళ్ళాలి.

"నాన్నా, సాయంత్రం నువ్వు ఒకసారి చివరిదాకా ఆడాలి," అంటుంది. "నువ్వు ఆడితేనే పంపిస్తా. ఈ ఇంట్లో ఆటల గురించి తెలిసింది నీకేగా."

"దానిదేముందమ్మా, ఆడతాను."

తన్మయి కుర్చీ వైపు ఓరగా చూసి గొంతు తగ్గిస్తుంది. "నువ్వొక్కడివే రా నాన్నా. ఆయన్ని తీసుకురాకు."

"సరే" అంటాను.

ఇంతలో కిందనుంచి హారన్ మోగుతుంది. సువర్చల తమ్ముడు ఫణీంద్ర కొత్త కారు తెచ్చాడు. పూజ మా సెల్లార్‌లోనే చేయించుకుంటానన్నాడు. నేను చెప్పుల్లో కాళ్ళు పెట్టేలోపే నా అభిప్రాయం లిఫ్టులో దిగిపోతుంది. లిఫ్టు మళ్ళీ పైకి రాదు. మెట్ల మీదుగా పరిగెడుతుంటే కిందనుంచి దాని గొంతు వినిపిస్తూనే ఉంటుంది.

"బాగుంది ఫణీ. కానీ గేర్లు లేవు. గేర్లు లేని కారు నడపడమంటే ఎవరో కలిపి పెడితే తినడం. బాగుంది, కానీ ఏసీ తిప్పడానికి ఒక్క బొత్తామైనా లేదు. ఎండలో చెమట చేత్తో ఆ గాజు మీద రుద్దుకుంటూ కూర్చోవాలి నువ్వు."

నేను దిగేసరికి కారు నా మోకాలి ఎత్తుకి కుంచించుకుపోయి ఉంది. బంతిపూల దండ దానికంటే పెద్దదై నేల మీద కుప్పగా పడి ఉంది. చక్రాల కింద పెట్టిన నాలుగు నిమ్మకాయలు చక్రాలకంటే పెద్దగా ఉన్నాయి. ఫణీంద్ర ఒక కాలు కారులో పెట్టి, రెండోది ఎక్కడ పెట్టాలా అని చూస్తున్నాడు.

"పర్లేదు బావా," అంటాడు నవ్వుతూ. "మీరు ముందే చెప్పారుగా, నేనే వినలేదు. మా ఆవిడకి రంగు నచ్చిందని తీసుకున్నా."

పంతులుగారు కొబ్బరికాయ పట్టుకుని ఎక్కడ కొట్టాలో తెలియక నిలబడ్డారు. ఫణీంద్ర భార్య కారు పక్కన కూర్చుని చీర కొంగుతో దాని దుమ్ము తుడుస్తోంది. ఆ అమ్మాయి నా వైపు చూడదు. నాకు తల కొట్టేసినట్టవుతుంది. "రంగు బాగుంది" అందామని నోరు తెరుస్తాను. నా నోట్లో ఏమీ లేదు. మాటలన్నీ దాని దగ్గరున్నాయి.

పైకి వచ్చాక సువర్చల నా అభిప్రాయం రెక్క పట్టుకుంటుంది.

"ఇవాళ ఆయుధాలు పూజలో పెట్టే రోజు," అంటుంది. "మీ ఆయుధం ఇదేగా. పదండి."

పూజలో కత్తిపీట ఉంది. ఆవిడ కుట్టుమిషను కత్తెర ఉంది. నా స్క్రూడ్రైవర్లు, బీరువా తాళాలు ఉన్నాయి. తన్మయి లాప్‌టాప్‌తో పని ఉందని దానికి బదులు మౌస్ ఒక్కటీ పెట్టింది. వీటన్నిటి మధ్య నా అభిప్రాయం బాసింపట్టు వేసుక్కూర్చుంటుంది. సువర్చల దాని నుదుట పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, మీద అక్షింతలు వేస్తుంది.

"రేపు ఉద్వాసన చెప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదు," అంటుంది. "ముట్టుకుంటే పదును పోతుంది. లేదా చెయ్యి తెగుతుంది."

మధ్యాహ్నమంతా ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. నేను పులిహోర తింటాను. ఎలా ఉందని సువర్చల అడగదు, నేను చెప్పను. ఇలాంటి భోజనం ఈ ఇంట్లో ఎన్నడూ జరగలేదని ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం తన్మయి గదిలోకి ఒక్కణ్ణే వెళతాను. నన్ను చూడగానే లాప్‌టాప్ తన మూత తానే కాస్త దించుకుంటుంది. తన్మయి దాని వీపు నిమిరి, "ఏం కాదు, నాన్నే" అని మెల్లగా ఎత్తుతుంది.

ఆటలో మా సెల్లార్ ఉంది. ఒక కారు ఉంది, చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు ఉన్నాయి. నిమ్మకాయల మీదుగా కారు పోనిచ్చి, బందరు రోడ్డు పట్టుకుని, ప్రకాశం బ్యారేజీ దాటి అవతలి ఒడ్డు చేరాలి. అంతే ఆట. కాల్చడాల్లేవు, పాయింట్లు లేవు. డ్రైవరు పక్క సీట్లో గళ్ళ చొక్కా మనిషి ఒకడు మొహం కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాడు.

నేను ఆడటం మొదలుపెడతాను. నిమ్మకాయలు చితకగానే గదిలో నిమ్మ వాసన వస్తుంది. బెంజిసర్కిల్ దగ్గర ఎర్రలైటు పడితే నిజంగానే కాలు బ్రేకు కోసం వెతుక్కుంటుంది. పుస్తకాల షాపుల ముందు ఎండ పల్చగా పడుతోంది. ఒక ముసలాయన రోడ్డు దాటబోయి, నేను ఆగగానే చెయ్యెత్తి థాంక్స్ చెబుతాడు. అమ్మ దొంగా, ఇవన్నీ ఎప్పుడు చూసింది ఈ పిల్ల! నా గుండె నిండిపోతుంది. ఇన్నేళ్ళలో నేను ఆడిన ఏ ఆటలోనూ నా కోసం ఎవరూ చెయ్యెత్తలేదు.

తన్మయి తెరను చూడటం లేదు. నా మొహమే చూస్తోంది. తనకి ఒక్క మాట కావాలి. గడియారం ఆరింటికి దగ్గరవుతోంది. బాగుంది అనాలి నేను. నోరు తెరుస్తాను, గాలి వస్తుంది. మళ్ళీ తెరుస్తాను, మళ్ళీ గాలే వస్తుంది.

"ఒక్క నిమిషం" అన్నట్టు చెయ్యి చూపించి లేస్తాను. ఒక్క మాట కోసమే కదా అనుకుంటాను. మంచిమాట కోసం తీస్తే దోషమేముంది? పూజ దగ్గరికి వెళ్ళి, సువర్చల వంటింట్లో ఉండటం చూసి, నా అభిప్రాయం చెయ్యి పట్టుకుని లేపుతాను.

"బాగుంది అని చెప్పు చాలు," అంటాను దాని చెవిలో.

"ఓస్, అంతేనా," అంటుంది అది.

దాన్ని చూడగానే తన్మయి మొహం వాడిపోతుంది. లేచి దానికి తన కుర్చీ ఇస్తుంది. అక్షింతలు రాలుతుండగా నా అభిప్రాయం తెర ముందు కూర్చుంటుంది.

"బాగుంది తన్మయీ," అంటుంది.

నేను ఊపిరి పీల్చుకుంటాను.

"కానీ నీడలు సరిగ్గా పడలేదు."

బందరు రోడ్డు మీద నీడలన్నీ లేచి, దులుపుకుని, పక్క సందులోకి వెళ్ళిపోతాయి.

"బాగుంది, కానీ మనుషుల నడక సహజంగా లేదు."

ముసలాయన ఎత్తిన చెయ్యి దించుకుని మాయమవుతాడు.

"నీళ్ళు నీళ్ళలా లేవు. పోనీలే, మొదటి ప్రయత్నం కదా."

కృష్ణ ఎండిపోతుంది. బ్యారేజీ గేట్లు ఒక్కొక్కటే ఒరిగిపోతాయి. నేను దాని భుజం పట్టి లాగుతాను, అది కదలదు. రెండు చేతులతో దాని నోరు మూసేస్తాను. నాకు ఊపిరాడదు. చేతులు తీసేయక తప్పదు.

"అయినా ఇలాంటి ఆట ఇంతకుముందే ఎవరో చేశారు," అంటుంది అది.

రోడ్డు చాపలా చుట్టుకుపోతుంది. తెర మీద కారు ఒక్కటే మిగులుతుంది, చితికిన నిమ్మకాయలు మిగులుతాయి.

"ఇంకా ఉందా నాన్నా?" అంటుంది తన్మయి. దాన్ని అడగడం లేదు, నన్నే అడుగుతోంది. ఏడుపు లేదు, కోపం లేదు. కరెంటు బిల్లు ఎంతొచ్చిందని అడిగినట్టు అడుగుతోంది. అడిగి, లాప్‌టాప్ మూత మీద చెయ్యి వేస్తుంది.

నాకు సిగ్గుతో ఒళ్ళు కాలిపోతుంది. ఈ మొహం ఎక్కడ పెట్టుకోను? నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోటికి ఊరు దాకా ఎందుకు, నా బిడ్డ వేసిన రోడ్డే మిగల్లేదు. ఊపిరాడనప్పుడే నాకు తెలియాల్సింది. దానికి వేరే నోరు లేదు, నా నోటితోనే మాట్లాడుతోంది.

మీసం కింద గోరు పెట్టి పైకి లాగుతాను. కొత్త ఫోను మీది పొరలా నోరు తేలిగ్గా ఊడి వస్తుంది. నొప్పి లేదు. కుర్చీలో గళ్ళ చొక్కా ఒక్కసారిగా ఖాళీ అయి కుప్పగా కూలుతుంది. నోటిని అరచేతిలో పెట్టుకుని పూజ దగ్గరికి వెళ్ళి, కత్తిపీట పక్కన పెడతాను.

సువర్చల తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి చూస్తుంది. వంగి దానికి కాస్త కుంకుమ అద్దుతుంది.

"పొద్దున్నే ఇది పెట్టాల్సింది," అంటుంది. "చొక్కాని పెడితే ఏం లాభం?"

నేను తిరిగి వచ్చేసరికి గదిలో కుర్చీ ఖాళీ లేదు, చొక్కా ఉంది. ఖాళీగా ఉన్నది తెర మీది కారులో, గళ్ళ చొక్కా మనిషి ఉండాల్సిన పక్క సీటొక్కటే. అందులో కూర్చుని తలుపు వేసుకుంటాను. తన్మయి స్టీరింగు ముందు కూర్చుని బెల్టు పెట్టుకుంటోంది. అద్దంలో నా మొహం చూసుకుంటాను. మీసం కింద నున్నగా ఉంది. తను మొదటి నుంచీ ఆ గళ్ళ చొక్కా మనిషిని ఇలాగే గీసింది. అందుకే వాడి మొహం కిటికీ వైపు తిప్పి ఉంచింది.

"నోరు గీసినప్పుడల్లా బండి మొరాయించేది నాన్నా," అంటుంది తన్మయి, ఎదురుగా చూస్తూ. "తీసేస్తే కదిలింది. నీకు కోపం వస్తుందేమోనని చెప్పలేదు."

నేను తల వంచుకుంటాను.

కారు కదులుతుంటే చుట్టుకుపోయిన రోడ్డు మళ్ళీ పరుచుకుంటుంది. ముందు నీడలు సందులోంచి తిరిగొచ్చి ఏ చెట్టువి ఆ చెట్టు కింద పడుకుంటాయి. ముసలాయన వచ్చి, ఆగి, నాకు కూడా చెయ్యెత్తుతాడు. తన్మయి ఎడమ చేత్తో ఏదో నొక్కుతుంది. "పంపించేశా," అంటుంది. ఆరు ఇంకా కొట్టలేదు.

బ్యారేజీ మీదికి వస్తాం. కింద కృష్ణ నిండుగా ఉంది. పుష్కరాలకి దిగినట్టు నదిలో మెడలోతు నీళ్ళలో జనం నిలబడ్డారు. అందరూ గళ్ళ చొక్కాల వాళ్ళే, అందరికీ నా మీసమే. నుదుటి కుంకుమ కారుతోంది. ప్రాసెసర్లు తెలిసినవాడు, గేర్లు తెలిసినవాడు, ఆటల్లో ఫ్రేములు లెక్కపెట్టేవాడు, అందరూ కారు పోతుంటే తలెత్తి చూస్తారు. ఎవరూ ఏమీ అనరు. గట్టు మీద ఫణీంద్ర, వాళ్ళావిడ మోకాలెత్తు కారుని నీళ్ళు చల్లి కడుగుతున్నారు. కడిగిన చోటల్లా అది కాస్త పెరుగుతోంది.

"ఎలా ఉంది నాన్నా?" అంటుంది తన్మయి.

నా చెయ్యి నోరుండాల్సిన చోటికి పోతుంది. నున్నటి చర్మం తగులుతుంది. ఏ కూతురూ ఇంతకంటే చిన్న మాట అడగదు. ఆ ఒక్క మాటా ఇవ్వలేని తండ్రిని నేను.

అప్పుడు మా వెనకనుంచి, చాలా దూరాన ఉన్న సెల్లార్‌లోంచి, చక్రాల కింద చితికి రెండుగా తెరుచుకున్న నిమ్మకాయ ఒకటి నా గొంతుతో అంటుంది. "బాగుంది."

తన్మయి బ్రేకు వేస్తుంది. ఇద్దరం చెవులు రిక్కించి కూర్చుంటాం. తర్వాతి మాట కోసం నది అంతా తల తిప్పి ఎదురుచూస్తుంది. తర్వాతి మాట రాదు.

తన్మయి నా వైపు చూడకుండా రివర్సు గేరు వేస్తుంది. ఇంకోసారి వినాలని, బ్యారేజీ పొడవునా, బందరు రోడ్డు పొడవునా కారుని మెల్లగా వెనక్కి పోనిస్తుంది. సెల్లార్‌లో మిగతా మూడు నిమ్మకాయలూ ఒకదాని తర్వాత ఒకటి నోళ్ళు తెరుస్తున్నాయి.