అమ్మోరు కూకున్న చెక్క

నేను ఒక చెక్కని. నా మాటల్ని కాగితం మీద పెడుతున్న చెయ్యి నడివయసు దాటాక అక్షరాలు పట్టుకుంది. ఒత్తు ఉండాల్సిన చోట లేకపోయినా, అక్కర్లేని చోట వచ్చి కూర్చున్నా మన్నించండి. పేజీకి ఒక పూట పడుతోంది. పడనివ్వండి. నన్ను తింటున్న చెదలకే లేని తొందర నాకెందుకు?

చెక్క అనగానే గడపనో, గుమ్మాన్నో అనుకునేరు. అంత మర్యాద నాకెప్పుడూ జరగలేదు. పడవని ఒడ్డు మీదికి లాక్కొచ్చే బండి ఉంటుంది చూడండి, రెండు చక్రాలూ, ఇనప చట్రమూ, ముందు ట్రాక్టరుకి తగిలించే కొక్కెమూ. ఆ చట్రం మీద పొడుగునా రెండు చెక్కలు బిగిస్తారు. పడవ అడుగు వాటి మీద ఆనుతుంది. ఇనుము పడవకి తగలకుండా చూడటమే మా పని. ఎడమవైపు చెక్కని నేను. కుడివైపుది నా తోబుట్టువు. కొండ మీద ఒకే మద్దిమానులో పుట్టాం, ఒకే రంపం కింద విడిపోయాం.

మమ్మల్ని చేయించినవాడు పోలారావు. సముద్రం ఒడ్డున జాలరిపేటలో ఒక ఫైబరు పడవకీ, ఈ బండికీ యజమాని. వడ్రంగి కొండలు నన్ను చిత్రిక పడుతూ, "ఈ మద్ది నీళ్ళలో నాని ఆరేకొద్దీ బిగుసుకుంతాది బావా, నీకన్నా నాలుగు రోజులు ఎక్కువే ఉంతాది" అన్నాడు. నవ్వుకి అన్నాడు గానీ అదే జరిగింది.

పోలారావు తన పడవ ముక్కుకి కళ్ళు గీయించాడు, పక్కలకి పచ్చరంగు వేయించాడు, ఇంజనుకి నిమ్మకాయ కట్టాడు. మా మీద ఒక్క బొట్టు పెట్టలేదు. మనుషులింతే. ఊరేగేదాన్ని చూస్తారు, మోసేదాన్ని చూడరు. అయినా అతను తెలియక ఒక మంచి పని చేశాడు. ఎక్కడో పాత రబ్బరు కన్వేయరు బెల్టు ముక్కలు దొరికితే తెచ్చి మా మీద బిగించాడు. ముక్కలు సరిపోలేదు. కొత్తవి కొనడానికి మనసొప్పలేదు. అందుకని ముక్కకీ ముక్కకీ నడుమ సందులు వదిలేశాడు. పడవతోపాటు వచ్చిన ఉప్పునీళ్ళు ఆ సందుల్లోంచి జారిపోయేవి, వెనకే గాలి వచ్చి మమ్మల్ని ఆరబెట్టేది. పిసినారితనం వల్ల నేను బతికాను. చచ్చింది భక్తి వల్ల.

పోలారావు ఒకరోజు వల అల్లుకుంటూ గుండె పట్టుకుని ఒరిగిపోయాడు. పడవా, బండీ అతని భార్య అసిరమ్మ చేతికొచ్చాయి. ఆమె పడవని వేటకి పంపేది, బండిని పేటలో వాళ్ళ పడవలు లాగడానికి ఇచ్చేది. ఆ రెండే ఆమె ఆధారం.

ఆ ఏడు గంగమ్మ పండగకి అమ్మవారిని ఊరేగించే బండి ఇరుసు విరిగింది. పండగ పెద్ద ఎల్లాజీ. పోలారావు తమ్ముడు. గొంతు పెద్దది, మెళ్ళో కండువా పెద్దది. ముందూ వెనకా చూడకుండా మా బండిని తోలుకుపోయాడు. "ఇయ్యేల్నించి ఇది బండి కాదర్రా, రథం" అన్నాడు. షామియానా కొట్టువాడి దగ్గర ఎర్ర తివాచీ తెచ్చి, మా బెల్టు ముక్కల్ని పీకి పారేసి, తలనుంచి కాలిదాకా మమ్మల్ని చుట్టేశాడు. ఇనప మేకులు దిగ్గొట్టాడు. అమ్మవారిని మా మీద కూర్చోబెట్టి మేళంతో పేటంతా తిప్పాడు.

ఆ ఒక్క పూటకి నాకు అభ్యంతరం లేదు. అమ్మవారి బొమ్మ కర్రది, తేలిక. తర్వాత జరిగిందే చెబుతాను వినండి. పండగ అయిపోయింది, తివాచీ మిగిలిపోయింది. విప్పుదామని ట్రాక్టరువాడు చెయ్యి వేస్తే ఎల్లాజీ గయ్యిమన్నాడు: "అమ్మోరు కూకున్న గుడ్డరా! పీకితే కళ్ళు పోతాయి!" ఇంక ఆ గుడ్డ మీదకే పడవలు ఎక్కించడం మొదలుపెట్టారు. సముద్రంలోంచి లేచిన పడవ ఒళ్ళంతా నీళ్ళు కార్చుకుంటూ వచ్చి మామీద పడుకునేది. ఆ నీళ్ళు తివాచీ తాగేది. ఎండకి పైన పొడిగా కనిపించేది, అడుగున ఎప్పుడూ తడే. ఆడవాళ్ళు వచ్చి ఆ గుడ్డని కళ్ళకద్దుకునేవారు, చేతికంటిన నీచు వాసన కొంగుకి తుడుచుకుని వెళ్ళిపోయేవారు. ఇంత వాసన ఎక్కడిదని ఒక్కరూ అడగలేదు. అమ్మవారి వాసన అనుకున్నారు కాబోలు.

తడిగుడ్డ చుట్టుకుని మీరు ఒక రాత్రి పడుకోండి, పొద్దున్నే దగ్గు వస్తుంది. నేను రెండు వేటకాలాలు పడుకున్నాను. మేకులు తుప్పుపట్టి ఉబ్బి నన్ను నిలువునా చీల్చాయి. చీలికల్లో నీళ్ళు నిలిచాయి. లోపల బూజు, పుట్టగొడుగు. పైన పసుపూ, కుంకుమా. నేను కుంగేకొద్దీ నన్ను చట్రానికి బిగించిన బోల్టు తల పైకి తేలింది.

చేపలు గుడ్లు పెట్టే కాలమని వేసవిలో వేట నిషేధం వచ్చింది. అసిరమ్మ పడవ మా మీదే ఉండిపోయింది. ఒకనాడు ఆమె పడవ అడుగుకి పట్టిన గుల్లలు గీకుతూ ఆగింది. బోల్టు ఆనే చోట ఫైబరు మీద సాలెగూడులా తెల్లటి నెర్రెలు. వేలితో తడిమింది. గుడ్డ మీద నొక్కింది. వేలు లోపలికి పోయింది. లేచి నేరుగా ఎల్లాజీ ఇంటికి వెళ్ళింది.

అతన్ని వెంటబెట్టుకునే వచ్చింది.

"సెక్క కుంగిపోనాది మరిదీ. బోల్టు తలకాయ పడవ అడుక్కి పొడుసుకుంతోంది. గుడ్డ ఇప్పి సూడాల."

"ఏటొదినా, అమ్మోరు కూకున్న గుడ్డ ఇప్పుతావా? అదీ నువ్వా?"

"నువ్వా అంతే ఏటి?"

ఎల్లాజీ ఆమె బొట్టులేని నుదుటి వంక చూసి, చూపు తిప్పుకున్నాడు. ముట్టుకోకూడని చేతులని అతని ఉద్దేశం. ఆ చేతులు వండిన చేపల పులుసు మాత్రం వారానికోసారి లొట్టలేసుకుంటూ తింటాడు.

"బెంగెట్టుకోకు. దీని మీద ఇంకో గుడ్డ కొడతాను. మెత్తగుంతాది" అన్నాడు.

పడవని కాస్త ఎత్తించి కొట్టాడు కూడా. ఇంకో తివాచీ, ఇంకో గుప్పెడు మేకులు. కుళ్ళిన పన్ను మీద బంగారు తొడుగు వేయించుకుని ఇకిలించే పెద్దమనుషుల్ని చూశారా? అలా తయారయ్యాను.

అసిరమ్మని కూడా నేను పెద్దగా మెచ్చుకోను. రెండు వేటకాలాలూ ఆమె కూడా దూరంనుంచి ఆ గుడ్డకి దణ్ణం పెట్టినదే. తన పడవ అడుగున నెర్రె కనబడేదాకా ఆమెదీ భక్తే. ఆ తర్వాత మాత్రం ఆమెకి నిద్ర పట్టలేదు. షెడ్డునుంచి నీళ్ళదాకా దారిలో ఒక గట్టు ఉంది. బండి ఆ గట్టు దిగేటప్పుడు పడవ బరువంతా ఎడమవైపు నామీదికి ఒరుగుతుంది. నేను విరిగితే పడవ బోల్టు మీద కూలబడుతుంది. అడుగు పగిలిన పడవ వేటకి పనికిరాదు. పడవ లేని విధవని సముద్రం దగ్గర ఎవరూ అడగరు, తట్ట నెత్తినెత్తుకుని ఎవరి పడవ దగ్గరో చెయ్యి చాచాల్సిందే.

నిషేధం ముగిసిన పొద్దున మేళం వచ్చింది. ట్రాక్టరు తగిలించారు. మొదట లాగేది అసిరమ్మ పడవే. ఎల్లాజీ మా ముందు కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డాడు. పేటంతా చుట్టూ మూగింది.

"ఒక్క పాలి ఆగండి" అంది అసిరమ్మ. ఆమె చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. "గట్టుకాడ ఇది ఇరిగితేనో?"

"అమ్మోరే సూసుకుంతాది" అన్నాడు ఎల్లాజీ.

"అమ్మోరి బరువు అమ్మోరే మోసుకుంతాది మరిదీ. నా పడవ బరువు ఎవురు మోస్తారు?"

పక్కింటి చినతల్లి బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మోలమ్మ! ఇదేటి సోద్యమే! తాళి తెగిన సేత్తో..."

"తెగింది తాళేనే, సెయ్యి కాదు" అంటూ అసిరమ్మ వంగి, పడవ ఆనని కొస దగ్గర తివాచీ అంచు పట్టుకుని లాగింది. మేకులు పటపటా ఊడాయి. మేళం ఆగిపోయింది. కిందనున్న పాత గుడ్డనీ లాగింది. నాకు ఎన్నాళ్ళకో గాలి తగిలింది. సిగ్గు కూడా వేసింది, ఒప్పుకుంటాను. ఆమె స్క్రూడ్రైవరు నాలో గుచ్చింది. అది పిడిదాకా దిగిపోయింది. బయటికి తీస్తే దానివెంట గోధుమరంగు నీళ్ళు కారాయి.

డప్పు వాయించేవాడు తొంగిచూసి, "ఓర్నాయనో, మిగలముగ్గిన పనసపండులాగున్నాదిరా!" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. ఒక్క పొద్దున్నే నేను దేవతనుంచి పనసపండుని అయ్యాను. జనం భక్తి బరువు అంత!

ట్రాక్టరు కొక్కెం విప్పేశారు. ఇసక బస్తాలు పేర్చి, జాకీతో పడవని పైకెత్తారు. కొండలు ఒక చెక్క భుజాన వేసుకుని వచ్చాడు. "మావిడిది అక్కా. సూడు, ఎంత నున్నగుందో."

"నున్నగుంతే పెళ్ళిపీటలు సేసుకో. నాకు మద్ది కావాల."

"మద్దయితే మాపటేల దాకా ఆగాల."

"ఆగుతాను. సముద్రం యేడకీ పోదు."

సాయంత్రానికి రెండు మద్ది చెక్కలు వచ్చాయి. బోల్టు తలలు చెక్కలోకి మునిగేలా గుంతలు తవ్వించింది. పైన బెల్టు ముక్కలు, వాటి నడుమ ఈసారి కావాలని వదిలిన సందులు. మర్నాడు పడవ గట్టు దిగింది. కొత్త చెక్క కిర్రుమంది, అంతే. పడవ నీళ్ళలోకి జారింది. సాయంత్రం పండుగప్ప చేపలతో తిరిగొచ్చింది.

నా తోబుట్టువుని చీల్చి, ఎండబెట్టి కూలీలకి అన్నం వండారు. అదృష్టం దానిది. నన్ను మాత్రం ఎల్లాజీ పొయ్యిలోకి పోనివ్వలేదు. "అమ్మోరు కూకున్న సెక్క! ఆ సల్లనితల్లి దయే, పడవకి అన్ని సేపలు పడ్డాయి" అని, కడిగి, పసుపు పూసి, గంగమ్మ గద్దె పక్కన నిలబెట్టాడు. ఇప్పుడు నాకు శుక్రవారం శుక్రవారం కొబ్బరినీళ్ళు. పిల్లలు కావాలని ఒకామె నాకు దారం కట్టి వెళ్ళింది. చెక్కగా ఉన్నన్నాళ్ళూ ఒక్కరూ పట్టించుకోలేదు. చెక్కగా పనికిరాకుండా పోయాక దేవతని అయ్యాను. వెనకవైపు చెదలు పుట్ట పెడుతున్నాయి. దాన్ని కూడా మహిమే అంటున్నారు.

మొన్న ఎల్లాజీ తన పడవని ఒడ్డుకి లాగించుకోవాల్సి వచ్చింది. పొద్దున్నే వచ్చి నాకు హారతి ఇచ్చాడు, లెంపలు వేసుకున్నాడు. అక్కడినుంచి నేరుగా బండి దగ్గరికి వెళ్ళాడు. చుట్టూ చూశాడు. ఎవరూ లేరనుకుని జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. కొత్త చెక్కల్ని ఈ కొసనుంచి ఆ కొసదాకా పొడిచి చూశాడు. ఎడమది పొడిచాడు, కుడిది పొడిచాడు, మోకాళ్ళ మీద కూర్చుని అడుగునుంచి కూడా పొడిచాడు. వెనకనుంచి అసిరమ్మ గొంతు వినిపించింది:

"ఏటి మరిదీ, అమ్మోరు సూసుకోదేటి?"

ఎల్లాజీ లేచి, పంచె దులుపుకుని, ట్రాక్టరువాడికేసి చెయ్యి ఊపాడు. అతని పడవ వచ్చి కొత్త చెక్కల మీద పడుకుంది.

మొక్కడానికి నేను. మొయ్యడానికి అవి.

— సూరాడ అసిరమ్మ, యాభై తొమ్మిదేళ్ళు. ఇప్పుడుండేది జాలరిపేటలోనే, బండి షెడ్డు వెనక రేకుల ఇంట్లో.