ఒకే వైపు చూసే రెండు చేపలు

జర్మనీలో మా మెస్సెల్ గోతిలోంచి తీసిన రాయిని ఎండనివ్వకూడదు. ఎండిందా, అప్పడంలా పెళపెళా విరిగిపోతుంది, లోపలున్న జీవి పొట్టుపొట్టుగా రాలిపోతుంది. ఐదు కోట్ల ఏళ్లకు ముందు అక్కడొక మంచినీటి సరస్సు ఉండేది. దాని అడుగున పేరుకున్న బురదే ఇప్పుడు మాకు నల్లరాయి. అందుకే ఒట్మార్ తన ఇంటి నేలమాళిగలో, జింకు తొట్టిలో, ఒక శిలాజపు చేపను యాభై ఏళ్లుగా నానబెట్టి ఉంచాడు. పెళ్లిరోజు మరిచిన ఏళ్లున్నాయి గానీ, శనివారం తొట్టిలో నీళ్లు మార్చడం మరిచిన వారం లేదు. ఆ చచ్చిన చేపకు జరిగే వైభోగం తనకు జరగదని భార్య బతికున్నన్నాళ్లూ దెప్పుతూనే ఉండేది.

ఆ చేపను అతనొక్కడే తీయలేదు. అతనూ గెరోల్టూ రైల్వేలో ఒకే షెడ్డులో పనిచేసేవాళ్లు, ఆదివారాలు కలిసి గోతిలోకి దిగేవాళ్లు. ఆ రోజుల్లో తవ్వేవాళ్లందరికీ ఒక కట్టుబాటు ఉండేది: ఇద్దరికీ కలిసి రాయి దొరికితే ఒకడు చీల్చాలి, రెండోవాడు తనకు నచ్చిన సగం ఎంచుకోవాలి. ఆ ఆదివారం కత్తి పట్టింది గెరోల్ట్. రాయి పుస్తకంలా తెరుచుకుంది. రెండు పేజీల మీదా పొడుగు మూతి చేప ఒకటే, తోక దగ్గర ఒక ఆకుతో సహా, అద్దంలో చూసుకుంటున్నట్టు మూతీ మూతీ ఎదురెదురుగా ఉంది. ఒట్మార్ ఎముకలు ఎక్కువగా అంటుకున్న సగం తీసుకున్నాడు. గెరోల్ట్ మారుమాట లేకుండా మిగిలింది తడి కాగితాల్లో చుట్టుకున్నాడు.

ఆ చలికాలంలో ఒక సాయంత్రం, మావాళ్లు ఎప్పుడూ కూర్చునే సత్రపు బల్ల దగ్గరికి గెరోల్ట్ తువ్వాల్లో చుట్టి తన సగం తెచ్చాడు. అప్పటికి కొత్తగా వచ్చిన పద్ధతిలో దాని మీద గాజులా గట్టిపడే జిగురు పోశాడట. తేనెరంగు పలకలో చేప పొలుసు పొలుసూ మెరుస్తోంది. ఆపిల్ వైన్ గ్లాసులు పట్టుకున్నవాళ్లు పట్టుకున్నట్టే ఉండిపోయారు. ఒట్మార్ దాని మీదికి వంగి చూశాడు. తాను ఏరికోరి తీసుకున్న సగం దీని ముందు దిగదుడుపే.

అప్పుడు కనబడింది అతనికి, మూతి ఎడమవైపుందని. తన తొట్టిలోని చేప మూతీ ఎడమవైపే. రాయి తెరిచిన రోజు ఎదురెదురుగా చూసుకున్న రెండూ ఇప్పుడు ఒకే వైపు ఎలా చూస్తాయి? ఇది మన చేప కాదు, మనది ఏ బేరగాడికో అమ్మేసి ఇంకోటి తెచ్చాడు, వీడు దొంగ, అని ఎనిమిది మంది ముందు అనేశాడు. గెరోల్ట్ చేపను మళ్లీ తువ్వాల్లో చుట్టుకుని, గ్లాసు సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. కాలు జారితే తీసుకోగలంగాని నోరు జారితే తీసుకోలేం. ఆ తర్వాత యాభై ఏళ్లు ఒకే ఊళ్లో ఉండి, ఒకే దుకాణంలో రొట్టె కొనుక్కుంటూ, ఒకరు ఈ పక్కన వస్తుంటే ఒకరు ఆ పక్కకు దాటుకుంటూ బతికారు.

ఈ వసంతంలో మ్యూజియంలో శిలాజాలు శుభ్రంచేసే స్వెన్యా అనే అమ్మాయి ఒట్మార్ ఇంటికి వచ్చింది. రెండు సగాలనూ పక్కపక్కన పెట్టి ప్రదర్శిస్తుందట. గెరోల్ట్ సగం అప్పటికే తీసుకుని చంకలో పెట్టుకొచ్చింది. దొంగసరుకు పక్కన నా చేపను పెట్టనని ఒట్మార్ భీష్మించుకున్నాడు. ఆ అమ్మాయి రెండింటినీ పక్కపక్కన పెట్టి, దొంగతనం ఎక్కడుందో చూపించమంది.

"కళ్లు లేవా? రెండూ ఎడమకే చూస్తున్నాయి" అన్నాడు.

స్వెన్యా నవ్వింది. అతని మొహం చూసి నవ్వు ఆపేసింది. "అలాగే చూడాలి కదండీ. ఆయన ముందువైపు జిగురు పోసి, వెనక నుంచి రాయంతా గీకేశారు. మనకిప్పుడు కనబడుతున్నది చేప వెనకవైపు."

ఒట్మార్‌కు ఎక్కలేదు. ఆమె నేలమాళిగ కిటికీ అద్దం మీది దుమ్ములో ఎడమకు మూతిపెట్టి చేపను గీసి, పెరట్లోకి వెళ్లి చూడమంది. ఎనభై ఏళ్ల మనిషి మెట్లెక్కి వెళ్లి చూశాడు. మూతి కుడికుంది. దిగొచ్చి చూశాడు, ఎడమకుంది. మళ్లీ ఎక్కాడు. మూడోసారి మోకాళ్లు మొరాయించాయి గానీ బుర్ర ఇంకా గిర్రున తిరుగుతూనే ఉంది. ఏది ముందో ఏది వెనకో, ఎవరు ఎటు నిలబడ్డారో ఏమీ పాలుపోవడం లేదు. జిగురు పలకలు అతను మ్యూజియంలో వంద చూసుంటాడు. ఈ ఒక్కదాన్ని మాత్రం ఏనాడూ మనసులో తిప్పి చూడలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

చివరికి స్వెన్యా దారంతో కొలిచింది. మూతి కొన నుంచి ఆకు చిరుగు దాకా రెండింటిలోనూ వెంట్రుకవాసి తేడా లేదు. ఒకటే చేప.

ఒట్మార్ కోటు వేసుకుని తిన్నగా గెరోల్ట్ ఇంటికి నడిచాడు. ఏం చెప్పాలో దారి పొడుగునా వల్లె వేసుకున్నాడు. తలుపు తీసిన గెరోల్ట్ భార్య లోరె, ఇతన్ని చూసి పలకరించకుండా పక్కకు తప్పుకుంది. గెరోల్ట్ వంటింటి బల్ల దగ్గర ఉడికిన గుడ్లతో తినే ఏడు రకాల ఆకుల పచ్చసాసు కోసం ఆకు తరుగుతున్నాడు.

"ఒరే గెరోల్ట్, తప్పయిపోయింది. అది మన చేపేరా. జిగురు పోస్తే తిరగబడుతుందని నాకు తెలీలేదు."

"తెలుసు" అన్నాడు గెరోల్ట్, కత్తి ఆపకుండా.

"ఏం తెలుసు?"

"నీకు తెలీలేదని. ఆ సాయంత్రం ఇల్లు చేరేలోపే తెలిసింది."

ఒట్మార్ తెల్లబోయాడు. వల్లె వేసుకున్నదాంట్లో ఇది లేదు. "మరి చెప్పొచ్చుగదరా. ఒక్క ముక్క. అద్దం మీద గీసి చూపిస్తే అయిపోయేదిగా. యాభై ఏళ్లురా."

"చెప్తే చేప సంగతి నమ్మేవాడివి. నా సంగతో? నేను దొంగనని అనుకోడానికి నీకెంతసేపు పట్టిందిరా?"

ఎంతసేపూ పట్టలేదు. ఆ మాట ఒట్మార్‌కు అప్పుడే తెలిసొచ్చింది. రెండు గుక్కల మధ్య నమ్మేశాడు, పైగా సంతోషంగా నమ్మాడు. చేప విషయంలో తప్పయిందని చెప్పడానికి వచ్చాడు గానీ, చేప సంగతి ఇక్కడ ఎవరికీ పట్టినట్టు లేదు. క్షమించమని అడగాల్సింది దేనికో అర్థంకాక బల్ల మీది ఆకుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"నీది నాదానికన్నా బావుందిరా" అన్నాడు ఆఖరికి. "ఓర్వలేకపోయాను. అంతే."

గెరోల్ట్ కత్తి పక్కన పెట్టాడు.

"ఆ మాట ఆ రోజే అనుంటే అక్కడికక్కడే నీ చేతిలో పెట్టేవాణ్ణి. నీకిద్దామనే తెచ్చానురా దాన్ని."

లోరె పొయ్యి మీంచి గుడ్లు దించి చన్నీళ్లలో వేసింది. బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీగానే ఉంది. అందులో కూర్చోవచ్చో, వెళ్లిపోవాలో ఒట్మార్‌కు తెలియలేదు.