భీముడు పడుకున్న చోట

పొద్దున ఆరు కాకముందే భాగ్యమ్మ పార భుజాన వేసుకుని వెనక వరస గదుల్లోకి పోతుంది. శంషాబాద్ దాటాక పాలమాకుల దిక్కు, ప్లాట్ల మధ్యలో ఉంది ఆ కుక్కల హాస్టల్. విమానమెక్కి ఊళ్లకు పోయేవాళ్లు తమ కుక్కల్ని అక్కడ దింపి పోతారు. ముందు వరసలో ఉండే చిన్న కుక్కల గదులు చీపురుతో అయిపోతాయి. వెనక వరసలో పెద్దవాటి సంగతి అట్లా కాదు. అవి నిద్రపోతే, వాటి జాతి పుట్టిన నేల వచ్చి పక్కన పడుకుంటుంది.

రాట్‌వైలర్ గదిలో ఎడ్ల డెక్కల గుర్తులు, పేడ. వెనకటికి జర్మనీలో దాని తాతముత్తాతలు కసాయివాళ్ల పశువుల్ని సంతకు తోలేవట. కేన్ కోర్సో గదిలో అడవిపంది వెంట్రుకలు, నలిగిన ఆకులు. ఇటలీ కొండల్లో అది వేటకుక్క. ముధోల్ కుక్క గదిలో ఎర్రమన్ను, పల్లేరుకాయలు, చెవులపిల్లి బొచ్చు. మన దక్కను నేలే కనుక ఎత్తడం సులువు.

నడుం విరిచేది నాలుగో గది. అందులో భీముడుంటాడు. కాకేషియన్ షెపర్డ్, మంచుకొండల్లో గొర్రెల మందలకు కాపలా కాసే జాతి. దూడంత ఉంటాడు. వాడు పడుకుంటే మంచు పడుతుంది. బకెట్లకు బకెట్లు ఎత్తి వెనక మోరీలో పోయాలి. నడి ఎండాకాలంలో కూడా భాగ్యమ్మ వేళ్లు కొంకర్లు పోతాయి.

"కస్టమర్లు రాకముందే ఎత్తెయ్యక్కా, జారి పడుతరు," అంటాడు మేనేజర్ గోవర్ధన్. అంతకుమించి ఆ మంచు గురించి ఎవరూ మాట్లాడరు.

భీముడు వచ్చి రెండు నెలలైంది. భాగ్యమ్మ చేత్తో పెడితేనే తింటాడు. ఆమె గోడకు ఆనుకుని కూలబడితే వాడూ వచ్చి పక్కనే కూలబడతాడు.

ఆ బుధవారం పదకొండింటికి వాడి యజమాని శివరామకృష్ణ వచ్చాడు. వెంట పశువుల డాక్టరు. గోవర్ధన్ ముందే వచ్చి సంగతి చెప్పాడు. రెండు సూదులు. మొదటిది మత్తుకు. రెండోది ప్రాణం పోవడానికి.

"పట్టుకునేది నేనేనా?" అంది భాగ్యమ్మ.

"నిన్ను తప్ప ఎవ్వర్ని దగ్గరికి రానియ్యడు గదక్కా."

కొట్లాడే ఓపిక ఆమెకు లేదు. పొద్దటి నుంచి ఎత్తిన మంచు బరువు ఇంకా భుజాల్లోనే ఉంది. కాళ్లీడ్చుకుంటూ పోయి భీముడి తల ఒళ్లో పెట్టుకుంది.

"ఏం తప్పు జేసిండు సార్ వీడు?"

శివరామకృష్ణ కళ్ల కింద నలుపు దిగింది. "మా బావమరిదిని కరిచాడమ్మా. పద్నాలుగు కుట్లు పడ్డాయి. మా పాప బిందుని సరదాగా ఎత్తుకుని స్విమ్మింగ్ పూల్లో వెయ్యబోయాడు వాడు. అది నవ్వుతూనే కేకలు పెట్టింది."

"నవ్వుకుంట అరిసిందని కుక్కకెట్ల ఎరుకైతది సార్? పిల్ల అరిసింది, కాపలా కుక్క ఉరికింది."

"తెలుసమ్మా. కానీ మా ఆవిడ గుమ్మం తొక్కనివ్వనంటోంది. తీసుకునేవాళ్లు దొరకలేదు. రేపు ఎవరినైనా చంపితే? నేను అలిసిపోయాను భాగ్యమ్మా."

భాగ్యమ్మ భీముడి చెవుల మధ్య నిమిరింది.

మొదటి సూది పడింది. భీముడు ఒకసారి ఆమె ముఖంలోకి చూసి కళ్లు మూశాడు. తల బండలా బరువెక్కింది. మంచు మొదలైంది. డాక్టరు కళ్లద్దాలు తుడుచుకుని రెండో సూదిలో మందు ఎక్కించుకున్నాడు.

అంతలో మంచులోంచి ఒక గొర్రె దగ్గింది. దాని వెనక ఇంకొకటి, తర్వాత పది, తర్వాత లెక్క తెలియలేదు. బూరు గొర్రెలు, ముక్కుల్లోంచి పొగలు కక్కుతూ. ఆ గదిలో ఎట్లా పట్టాయో పట్టాయి. డాక్టరుకూ భీముడికీ మధ్య గోడలా నిలబడ్డాయి.

"కొంచెం గొర్రెల్ని జరపండమ్మా, చెయ్యి అందట్లేదు."

భాగ్యమ్మ అదిలించింది. ఒక్కటీ కదలలేదు. ఉన్నట్టుండి మంద మొత్తం బిగుసుకుపోయింది.

"సార్," అన్నాడు గోవర్ధన్ మెల్లగా, "జర కదలకుండ్రి."

శివరామకృష్ణ వెనక, తలుపు దగ్గర తోడేలు నిలబడి ఉంది. డొక్కలు ఎండిన ముసలిది.

భీముడు కళ్లు తెరవలేదు. నిద్రలోనే ఆమె ఒళ్లోంచి లేచాడు. గొర్రెలు దారి ఇచ్చాయి. పోయి యజమాని వెనక, తోడేలుకు ఎదురుగా నిలబడ్డాడు. మొరగలేదు, ఎగబడలేదు. వాడి గొంతులోని గురగుర నేలలోంచి భాగ్యమ్మ అరికాళ్లకు తెలిసింది. తోడేలు కాసేపు చూసి, ముఖం తిప్పుకుని మంచులోకి నడిచి పోయింది.

భీముడు శివరామకృష్ణ పాదాల మీదే కుప్పకూలి గురక పెట్టాడు. అంత బరువు కింద ఆయన కాళ్లు కదల్చలేకపోయాడు. చాలాసేపటికి వంగి, ఆ తల మీద చెయ్యి వేశాడు.

"వద్దు డాక్టర్ గారూ."

డాక్టరు సూదికి మూత పెట్టాడు. "మత్తు దిగడానికి మూడు గంటలు పడుతుంది," అన్నాడు.

"ఇంటికి మాత్రం తీసుకెళ్లలేను," అన్నాడు శివరామకృష్ణ, ఎవరితోనో అన్నట్టు.

"మా తమ్ముడు యాదయ్యకు గొర్లున్నయ్ సార్, కొత్తూరు దిక్కు," అంది భాగ్యమ్మ. "వీధికుక్కలు వారానికో గొర్రెపిల్లను ఎత్కపోతున్నయని పరేషాన్‌ల ఉన్నడు."

"మరి అక్కడ తింటాడా?"

"నేను పెడితేనే గద తినేది. నేను గూడ పోవాలె." అనేశాక గానీ తనేమందో ఆమెకు తెలియలేదు. గోవర్ధన్ వైపు చూసింది.

"పో అక్కా," అన్నాడతను. "గీ మంచెత్తి ఎత్తి సగమైనవ్."

కొత్తూరు పోయిన నాలుగో రోజు మధ్యాహ్నం. భీముడు గట్టు మీద కూర్చుని గాలి వాసన చూస్తున్నాడు. దూరంగా వచ్చిన వీధికుక్కలు వాణ్ని చూసి రోడ్డు అవతలే ఆగిపోయాయి. భాగ్యమ్మ తుమ్మచెట్టు నీడలో కొంగు ముఖం మీద కప్పుకుని వాలింది. ఒళ్లు తెలియని నిద్ర పట్టింది.

మెలకువ వచ్చేసరికి చుట్టూ జొన్నచేను. నడుమెత్తు పెరిగి, పాలకంకి మీదుంది. ఒక కంకి విరిచి అరచేతిలో నలిపి నోట్లో వేసుకుంది. మామిడిపల్లి దిక్కున ఉండేది వాళ్ల నాయన చేను. అది ఎయిర్‌పోర్టు కిందికి పోయి, దాని మీద విమానాలు దిగబట్టి ఏళ్లయింది.

యాదయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. తనూ ఒక కంకి నమిలాడు.

"గిది మన బాయి కాడి మడి గదక్కా."

"అవ్."

"గొర్లు దిగినయ్ చేన్ల. మళ్లగొట్టాల్నా?"

భాగ్యమ్మ తలెత్తి చూసింది. చివరి సాళ్లలో అవి అప్పుడే మేస్తున్నాయి.

"తిననియ్యి," అని మళ్లీ కొంగు కప్పుకుంది. "ఇంకో గంట పండుకుంటె, అవతలి మడి గూడ వస్తదేమో."