ఖాళీ అయ్యాకే ఫిల్లింగ్

డాక్టరమ్మ క్లినిక్‌లో పని ఎప్పుడూ ఒకే వరసలో సాగుతుంది. ముందు మత్తు సూది, తర్వాత పెదవి మొద్దుబారిందో లేదో చూడడం, దవడకి దూది ఉండలు పెట్టడం, ఆపైన మర. పుచ్చంతా పోయేదాకా తొలిచి, పంట్లో ఇరుక్కున్న మాటలు బయటికొచ్చేదాకా ఆవిడ చేతులు కట్టుకుని ఆగుతుంది. అవన్నీ అయిపోయాకే గుంట కడిగి, ఆరబెట్టి, ఫిల్లింగ్ పెడుతుంది. తొందరపడి ముందే మూసేస్తే అది నిలవదు. నెల తిరిగేసరికి ఊడి చేతిలోకొస్తుంది.

మనిషి అనాలనుకుని అనకుండా నొక్కేసుకున్న మాట పంట్లో చేరి పుచ్చుతుందన్నది అక్కడ అందరికీ తెలిసిన సంగతే. ఏ వయసులో మింగిన మాట ఆ వయసు గొంతుతోనే వస్తుంది. అలా వస్తున్నప్పుడు తోడొచ్చినవాళ్ళు గోడకున్న దంతాల బొమ్మని దీక్షగా చూడాలి, విన్నది బయట ఎత్తకూడదు. అదీ మర్యాద. ఒకసారి ఒక ముసలాయన పన్ను భార్య వంట గురించి ఏకరువు పెడితే, ఆ ఇల్లాలు అంతసేపూ బొమ్మే చూసి, ఇంటికెళ్ళి మామూలుగానే వడ్డించింది. ఉప్పు మాత్రం కాస్త తగ్గించిందట.

ఆ రోజు కుర్చీలో ఉన్నది ఒక బస్సు డ్రైవరు. పక్కన స్టూలు మీద అతని చెల్లెలు, బట్టలు కుట్టే మనిషి. ఆమె భర్త బయట వరండాలో కూర్చున్నాడు. ఆమె కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. వారంలో సగం రోజులు రక్తం శుభ్రం చేసే యంత్రం పక్కనే గడిచిపోతున్నాయి. అన్నయ్య తన కిడ్నీ ఒకటి ఇస్తున్నాడు. వచ్చే వారమే ఆపరేషన్. ఇచ్చేవాళ్ళ నోట్లోగానీ పుచ్చుకునేవాళ్ళ నోట్లోగానీ పుచ్చు, చీము ఉండకూడదు, ముందు పళ్ళు బాగు చేయించుకు రండని పెద్దాసుపత్రివాళ్ళు ఇద్దర్నీ ఇక్కడికి పంపారు.

డిపోలో అన్నయ్యని అందరూ తలూపుడు అంటారు. ఎవరి డ్యూటీ తెచ్చి నెత్తిన వేసినా తలూపేస్తాడు. అలాంటి అన్న ఉండగా నాకేం అనుకుంటూ చెల్లెలు ఇన్నాళ్ళూ గుండె మీద చెయ్యేసుకుని పడుకుంది.

మొదటి పన్ను తెరుచుకుంది. "ఎర్ర పెన్సిల్ నాది. చెల్లే విరగ్గొట్టింది," అంది ఒక పిల్లాడి గొంతు, ఉక్రోషంగా. చెల్లెలు దంతాల బొమ్మ చూస్తూనే నవ్వాపుకోలేకపోయింది. విరగ్గొట్టిన మాట నిజమే మరి.

రెండోది లోపలి దవడపన్ను. మర ఆగింది. డాక్టరమ్మ చేతులు కట్టుకుంది.

"నేనివ్వను," అంది పన్ను.

అది పిల్లాడి గొంతు కాదు. పొద్దున బస్సెక్కేటప్పుడు 'జాగ్రత్త, మెట్టు ఎత్తుగా ఉంది' అన్న గొంతు. చెల్లెలు బొమ్మ వైపు తిప్పిన మొహం తిప్పినట్టే బిగుసుకుపోయింది.

"నాకు భయం. కోస్తారంటేనే కాళ్ళు వణుకుతున్నాయి. నన్ను ఒక్కరూ అడగలేదు. 'మా అన్నయ్య ఇస్తాడండీ' అని నా ముందే చెప్పేసింది."

అన్నయ్య మొహమంతా చెమట. నోటి నిండా దూది. మూసేయండి, మూసేయండి అని డాక్టరమ్మకి చేత్తో సైగ చేస్తున్నాడు.

"ఇంకా ఖాళీ కాలేదు బాబూ, కాసేపు ఆగండి," అందావిడ.

అతను ఆవిడ మణికట్టు పట్టుకుని బతిమాలుతున్నట్టు తలూపాడు.

చెల్లెలికి ముందు ఒళ్ళు మండింది. ఇంత నోరుండి చెప్పడానికేం? మరుక్షణం ఇంకో ఆలోచన వచ్చింది. దానికి ఆమే హడలిపోయింది. తను కదలకుండా ఆ బొమ్మ చూస్తూ కూర్చుంటే చాలు. పన్ను మూసుకుంటుంది, ఆపరేషన్ జరుగుతుంది. మర్యాద పాటించినందుకు తననెవరూ వేలెత్తి చూపరు. ఫిల్లింగ్ ఊడేనాటికి కిడ్నీ తన ఒంట్లో ఉంటుంది. ఇంత లెక్క వేసింది నేనేనా అనుకుంది. పోనీ తను ఎప్పుడైనా అడిగిందా అని వెతుక్కుంది. ఎంత వెతికినా అడిగినట్టు గుర్తు రాలేదు.

ఆమె బొమ్మ మీంచి చూపు తిప్పి అన్నయ్యని చూసింది. ఆ గదిలో అలా ఎవరూ చేయరు. డాక్టరమ్మ ఉలిక్కిపడింది.

"మూయకండి. ఆ దూది తీసేయండి," అంది చెల్లెలు. "అన్నయ్యా, ఇప్పుడడుగుతున్నా. నాకు నీ కిడ్నీ ఇస్తావా? లేదంటే లేదను. నా మీద ఒట్టు."

డాక్టరమ్మ అతని నోట్లోంచి దూది తీసింది. సగం పెదవి మొద్దుబారి మాట వంకరగా వచ్చింది.

"నావల్ల కాదు చెల్లీ."

పుట్టి బుద్ధెరిగాక అన్నయ్య నోట 'కాదు' వినడం ఆమెకి అదే మొదలు. ఊహించిన మాటే అయినా చెంప మీద కొట్టినట్టయింది. "ఊఁ," అంది.

పన్ను ఖాళీ అయింది. డాక్టరమ్మ కడిగి, ఆరబెట్టి, ఫిల్లింగ్ నింపి, అది గట్టిపడడానికి నీలం లైటు పెట్టింది. "కొరికి చూడండి," అంది. అతను కొరికి చూసి, లేచి, చెల్లెలి మొహం చూడలేక గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"నీది ఇంకో రోజు చూద్దామా అమ్మా?" అంది డాక్టరమ్మ.

"వద్దండీ. వచ్చాను కదా," అని చెల్లెలు కుర్చీ ఎక్కింది. తన పంట్లో మాటలేం ఉంటాయని ఆమె ధీమా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గిరాకీలతో గలగలా వాగే మనిషి. చావంటే భయం లేదని ఇంట్లో అందరికీ తనే ధైర్యం చెప్పేది.

మర ఆగీ ఆగకముందే ఆమె పన్ను గట్టిగా కేక పెట్టింది.

"నాకు బతకాలనుంది!"

డాక్టరమ్మ చేతిలోని అద్దం కింద పడింది. ఆ కేక బయట వరండాలోకి కూడా వినిపించి ఉంటుంది. ఆమె మాత్రం ఎవరో పరాయివాళ్ళు అరిచినట్టు కళ్ళు పెద్దవి చేసుకుని వింది.

"బతకాలి. పిల్లలు పెద్దవాళ్ళవడం చూడాలి. ఆయన కిడ్నీ ఇస్తానంటే నోరు నొక్కేశాను. ఎందుకు నొక్కేశాను?"

గుమ్మం దగ్గర అన్నయ్య ఏడుస్తున్నాడు. "బావ ఇస్తానన్నాడా?" అన్నాడు. "ఆయన రక్తం ఎవరికైనా పనికొస్తుందని డాక్టర్లు అన్నారు కదే! మరి నాకు చెప్పలేదేం?"

చెప్పలేదు. సంపాదించే మనిషి మంచాన పడితే ఇల్లెలా గడుస్తుంది, మీరు ఊరుకోండి, అన్నయ్య ఉన్నాడు కదా అని భర్తని కసిరి, ఆ మాట అక్కడికక్కడే పాతేసింది. అడిగితే చులకనైపోతానని ఆమెకి చిన్నప్పటి నుంచీ భయం. అది భయమని మాత్రం ఆ కుర్చీలోనే తెలిసింది.

ఆమె లేచింది. "అమ్మా, పన్ను ఇంకా తెరిచే ఉంది!" అని డాక్టరమ్మ వెంటపడ్డా ఆగలేదు. మెడలో గుడ్డతోనే వరండాలోకి వచ్చింది. బెంచీ మీద భర్త ఆమె సంచీ ఒళ్ళో పెట్టుకుని, నెత్తురు చుక్క లేని మొహంతో తలుపు వైపే చూస్తున్నాడు.

ఆమె ఏదో అంది. దూదికీ మత్తుకీ ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏంటి? నొప్పిగా ఉందా?" అన్నాడతను కంగారుగా.

ఆమె నోట్లోని దూది ఉండలన్నీ అరచేతిలోకి ఉమ్మేసింది.

"మీ కిడ్నీ నాకివ్వండి. అడుగుతున్నాను."

అతను సంచీ బెంచీ మీద పెట్టి లేచి నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళకి అడిగావే," అన్నాడు.