బండ్లన్నీ వచ్చినాయి

చిత్రాన్నానికి నిమ్మకాయలు పిండతా ఉంటే మా అత్త తాయమ్మ వంటింటి గడపలో కూసోని, ఈతూరన్నా ఉప్పు సరిగ్గా చూసుకో, పోయినతూరి క్లబ్బు పిల్లోళ్ళు సప్పగా ఉండాదన్నారంట అనింది. ఇంగా తెల్లారలేదు. వారమంతా ఊరిగాంలో రైలెక్కి బెంగళూరు పోయి, చీకటి పడినాక తిరిగొచ్చే మనిషిని. ఆఫీసులో ఎవురి పుట్టినరోజైనా కేకు ముక్కలు కోసి అందరికీ పంచేది నేనే. అక్కడుండే మొగోళ్ళకు కత్తి పట్టుకునేది రాదంట. ఆదివారమన్నా రవంతసేపు పండుకుందామంటే మా ఆయన నందీశ్ బండ్ల క్లబ్బుకు కెప్టెన్. నెలకొక ఆదివారం అందరూ గుంపుగా పల్లె రోడ్లు పట్టుకోని పోయి, యాడన్నా తోటలో తిని తిరిగొస్తారు. గుంపు మొత్తానికి నేను వండాల.

ఈతూరి నేను రానంటిని. నడుము నొప్పి అని చెప్పినాను. నిజం వేరే. నేను నీళ్ళోసుకోని రెండో నెల జరగతా ఉండాది. ఇంట్లో ఎవురికీ చెప్పలేదు. పోయినతూరి తెలిసిన రోజే వీధంతా మైసూరుపాకు పంచినారు, నాలుగో నెలలో కడుపు పోయింది. అందుకే ఆ నాలుగో నెల దాటేదాకా నోరు తెరవకూడదనుకుంటిని. నందీశ్ బూట్లు కట్టుకుంటా, కెప్టెన్ పెండ్లాం రాకపోతే బాగుంటాదా, అందరి ఆడోళ్ళూ వస్తా ఉంటే నీకొక్కదానికే నడుమా అన్నాడు. చెప్పేసుంటే సరిపోయేది. చెప్పలేదు. కడుపు మీద చున్నీ గట్టిగా చుట్టుకోని, బుద్ధిలేనిదాని మాదిరి బండి వెనకాల ఎక్కి కూసుంటిని.

ముళబాగిలు దాటేదాకా రోడ్డు బాగానే ఉండాది. ఆ తర్వాత రాయల్పాడు పక్క తోటల మధ్య రోడ్లలో దిగినాము. మామిడికాయల ట్రాక్టర్లు తిరిగి తిరిగి గుంతలు పడిపోయిన రోడ్డు. గుంత వచ్చినప్పుడల్లా కాళ్ళు బిగబట్టి సీటు మీది నించి రవంత పైకి లేచేదాన్ని. మెల్లగా పో అని భుజం తట్టితే, వెనక బండ్లోళ్ళు నవ్వుతారు అన్నాడు. నాకు బేతమంగళం చెరువు కట్ట గుర్తుకొచ్చింది. పోయిన ఆషాఢంలో ఆ కట్ట మీద వేరే బండితో పోటీ పెట్టుకోని హంపు చూసుకోకుండా తోలినాడు. నేను ఎగిరి పడినాను. ఆస్పత్రి వాకిట్లో నా చెయ్యి పట్టుకోని, బాత్రూంలో పడినావని చెప్పు, బండి అని తెలిస్తే మా అమ్మ బండి అమ్మించేస్తాది అన్నాడు. రక్తం పోతా ఉండే మనిషి ఏమి చెప్పమంటే అది చెప్తాది. చెప్పినాను. ఆ పొద్దు నించి మా అత్త నోటికి అడ్డం లేదు. కండ్లు నెత్తిన పెట్టుకోని నడిచింది అంటాది. మా వంశాన్ని నీళ్ళు పోసి కడిగేసింది అంటాది. చుట్టాల ముందర కూడా అంటాది. నందీశ్ పక్కనే కూసోని ఫోన్ చూసుకుంటా ఉంటాడు. పాపం ఆమెకు తెలీదు కదా, మనవడి మీద ఆశతో అంటా ఉండాది అని నేనే సమాధానం చెప్పుకునేదాన్ని.

గుంపుగా పోయేటప్పుడు ఒక పద్ధతి ఉండాది. ముందు కెప్టెన్ పోతాడు. అందరికంటే వెనక ఒకడు వస్తాడు, ఎవురి బండన్నా ఆగిపోతే చూసుకునేదానికి. ఆ పని వసంత్‌ది. రోడ్డు చీలే చోట కెప్టెన్ వెనకుండే బండి ఆగి, అందరికీ దోవ చూపించి, ఆఖర్లో వసంత్‌తో కలిసి కదలాల. ఆ పొద్దు ఎవురికీ ఆగేదానికి ఇష్టం లేదు. ఆగితే వెనకబడతారు, వీడియోలో కనపడరు. వీడియో తీసేది నా ఫోన్‌తోనే, నందీశ్ దాన్ని బండి ముందర బిగించి పెట్టినాడు. రాయల్పాడుకు ఇవతల రోడ్డు రెండుగా చీలేచోట బండి నిలబెట్టి, నువ్వు దిగి నిలబడుకో, వసంత్ వస్తాడు, వాడి వెనక ఎక్కి వచ్చేయ్ అన్నాడు. నేను దిగీ దిగకముందే పోయినాడు.

చెయ్యి చాపి నిలబడుకుంటిని. ఒక్కొక్క బండీ వచ్చి నా చెయ్యి చూసి ఎడమకు తిరిగి పోయింది. చిత్రాన్నం డబ్బాలు కట్టిన బండి కూడా పోయింది. ఆఖర్న వసంత్ వచ్చినాడు. వాడి వెనక సీటు మీద పంక్చర్ పెట్టె, నీళ్ళ క్యాన్లు. బొటనవేలెత్తి చూపించి వాడూ పోయినాడు. అరిచినాను. హెల్మెట్‌లో ఏమి వినపడతాది?

తిరిగొస్తారులే అనుకుంటిని. ఎండ నడినెత్తికొచ్చింది. ఎవురూ రాలేదు. మోపెడ్ మీద ఇద్దరు పోతా పోతా నన్ను చూసి, వెనక్కి తిరిగొచ్చి, మళ్ళీ తిరిగొచ్చినారు. యాడికి పోవాల, మేము దించుతాములే అన్నారు. నా చేతిలో ఫోన్ లేదు, నా పక్కన మనిషి లేడు. రోడ్డు పక్క ఆవును మేపుకుంటా ఉండే ముసలామె దగ్గరికి బిరబిరా పోయి, తెలిసిన మనిషి మాదిరి ఆమె పక్కన నిలబడుకుంటిని. వాళ్ళు పోయినారు. ఆమె పేరు చిన్నవెంకటమ్మ. చెంబులో నీళ్ళిచ్చింది. తాగి, అక్కడే కక్కుకుంటిని. ఆమె నా వీపు నిమిరి మొగం కల్లా చూసింది.

"నీళ్ళోసుకున్నావా తల్లీ?"

అవునంటిని. నా నోటి నించి ఆ మాట మొదట వినింది నా పేరు కూడా తెలీని ఆ తల్లి. ఇట్లాటి మనిషిని నడిరోడ్డులో దించిపోయిన మహానుభావుడెవురు అని అడిగింది. మా ఆయనే అంటిని. ఆవు తాడు నా చేతికిచ్చి, పట్టుకోని కూసో, ఎవురన్నా అడిగితే నా కోడలినని చెప్పు అనింది. నేల మీద కూసుంటిని. పొద్దున నించి మొట్టమొదట నా కింద ఏమీ అదరలేదు. కడుపు మీద చెయ్యి పెట్టుకుంటిని. నొప్పి లేదు. ఈపాటికి తోటలో తిండి బయటికి తీసింటారు, తింటా ఉంటారు అనుకున్నాను. నేను లేనని తెలిసేదానికి నా వంట వాళ్ళ దగ్గరుంటే ఎట్ల తెలుస్తాది? ఏడుపు వచ్చింది. కోపం అంతకంటే ఎక్కువ వచ్చింది.

పొద్దు వాలినాక నందీశ్, వసంత్ రెండు బండ్లలో వచ్చినారు. వసంత్ హెల్మెట్ తీసి, తల వంచుకోని నిలబడినాడు. కెప్టెనే తిరిగొచ్చి ఎక్కించుకుంటాడనుకుంటి అక్కా, నిన్ను ఎక్కించుకోమని నాకు ఎవురూ చెప్పలేదు అన్నాడు.

"తోటకాడ బండ్లు లెక్కపెట్టినాము అక్కా. బండ్లన్నీ వచ్చినాయి."

బండ్లన్నీ పోయినాయి, నిజమే. వెనక కూసున్నోళ్ళను లెక్కపెట్టే పద్ధతి క్లబ్బులో లేదు. మరి ఎప్పుడు తెలిసింది అని అడిగినాను. వసంత్ నందీశ్ కల్లా చూసినాడు. అందరూ తిని లేచేటప్పుడు గిన్నెలు యాడ కడగాలని నన్ను వెతికినారంట.

నందీశ్ నన్ను పక్కకు పిలిచినాడు. మనిషిని దోవలో వదిలేసినోడిని మళ్ళీ కెప్టెన్‌గా పెట్టుకోరు, అది వాళ్ళ క్లబ్బు కట్టుబాటు. కడుపు నొప్పి అని నువ్వే దిగినావని అందరికీ చెప్పినాను, నువ్వూ అట్లే చెప్పు, ఎక్కు అన్నాడు. దాహమేసిందా అని అడగలేదు. భయపడినావా అని అడగలేదు.

"నేను నీ బండి ఎక్కను" అన్నాను.

డ్రామాలు చెయ్యద్దు అన్నాడు. రెక్క పట్టుకోబోతే చిన్నవెంకటమ్మ కట్టె ఆనించుకోని లేచి నిలబడింది. ఇంగ వాడికి తోచింది ఒకటే, వాళ్ళమ్మకు ఫోన్ కలిపినాడు. చూడమ్మా, నడిరోడ్డులో పరువు తీస్తా ఉండాది అని ఫోన్ నా చేతికిచ్చినాడు.

"అత్తా, నాకు రెండో నెల. అందుకే ఎక్కను. పోయినతూరి నేను యాడా జారిపడలేదు. నీ కొడుకు బేతమంగళం కట్ట మీద ఎగరేసి పడేసినాడు."

పాపం, ఈ మాట ఆమె తట్టుకోలేదేమో అనుకుంటిని. అయ్యో, ఆమె మీద జాలిపడినాను నేను.

"తెలుసు లేమ్మా" అనింది మా అత్త. "వాడు ఆ పొద్దే నా దగ్గర చెప్పి ఏడ్చినాడు. మొగబిడ్డ మీద అంత పెద్ద మాట ఎందుకు, కోడలే మోసుకోనీలే అని నేనే అంటిని. ఇప్పుడు అదంతా తవ్వేదెందుకు? మెల్లగా తోలమని చెప్తాను, ఎక్కి రా."

నందీశ్ నేల చూస్తా ఉండాడు. వసంత్ అటు తిరుక్కున్నాడు. తెలుసంట. చుట్టాల ముందర నన్ను అనిన ప్రతి మాటా తెలిసే అనిందంట. తల్లీకొడుకులు ఒకే కంచంలో తింటా, నన్ను చూస్తా, తెలిసే ఊరకున్నారంట. నాకు ఏడుపు రాలేదు. మా అత్త ఇంగా ఏమో చెప్తా ఉంటే ఫోన్ నందీశ్‌కిచ్చి, బండి ముందర బిగించిన నా ఫోన్ ఊడబెరుక్కున్నాను.

శ్రీనివాసపురం బస్సు వస్తే చెయ్యెత్తినాను. చిన్నవెంకటమ్మ నా తల నిమిరి, ముందర సీట్లో కూసో, వెనకైతే ఎగరేస్తాది అనింది. డ్రైవరు వెనక సీట్లో కూసుంటిని. నందీశ్ కిటికీ పక్కకొచ్చి, జనాలు చూస్తా ఉండారు దిగు అన్నాడు. బస్సు కదిలింది. అమ్మ ఊరు లక్కూరు. శ్రీనివాసపురంలో, కోలారులో బస్సు మారితే రాత్రికి చేరతాను. రేపు బెంగళూరు రైలెక్కను. రేపు అమ్మను తోడు పెట్టుకోని ఆస్పత్రికి పోయి, కడుపుతో ఉండేవాళ్ళకిచ్చే తాయి కార్డు చేయించుకుంటాను. మొదటి కడుపు ఎట్ల పోయిందని నర్సమ్మ అడుగుతాది, అందరినీ అడిగేదే. మొగుడు తోలిన బండి మీది నించి పడి పోయిందని చెప్తాను, రాసుకోనీ.