నల్లబల్లపై నూకరత్నము పేరు

ఓయి పాఠకుడా, మూడవ తరగతిలో చేతులు కట్టుకొని కూర్చుండిన బుద్ధిమంతుడవని నీ యింట చెప్పుకొనుచుందువట. నమ్మితిని. ఇప్పుడైనను కుదురుగా కూర్చుండి వినుము.

శ్రావణమేఘసమావృతమై పట్టపగలే సంధ్యాసమయమును దలపించు నొకానొక దినమున యలమంచిలి ప్రాంతమందలి యొక ప్రాథమిక పాఠశాలలో పెంకుల సందులనుండి జారు వర్షబిందువులు పిల్లల పలకలపై పడుచుండగా వేదవతి యను పంతులమ్మ కోపారుణలోచనయై నిలిచియుండెను. ఇరువదియొక్క దినములుగా నొక్క పాఠమైనను తుదిముట్టదయ్యె. పిల్లలు వరుసగా నొకరి వెనుక నొకరు లేచి బిగ్గరగా చదువుట యచటి యాచారము. ఆ చదువు మూడవ బల్లను సమీపించినంతనే యెనిమిదేండ్ల నూకరత్నము కోడివలె కూయును. కాదేని "తేలు! తేలు!" అని యరచి బల్లయెక్కును. అంతట తరగతి యెల్ల నవ్వులసంత యగును.

"ఏటే రత్నం, నీ గొంతులో కోడిపుంజు దూరిందేటే? ఇంకొక్కసారి కూసేవంటే ఒకటో తరగతిలో కూచోబెట్టేస్తాను. నీ పక్కన బంగారమ్మ ఉండదు, చూసుకో."

ప్రాణసఖి పేరు వినినంతనే యా బాలిక మొగము వాడెను.

ఆ సాయంకాలము విసిగి వేసారి యిల్లుచేరిన పంతులమ్మతో, పరీక్షలయందుగాక పరిహాసములయందే యుత్తీర్ణుడైన యామె మేనమామ యిట్లనెను.

"దాన్నే లీడర్ని చేసెయ్యవే అమ్మా. అల్లరోళ్ళ పేర్లు బోర్డు మీద రాసే పని దానికే ఇచ్చెయ్. సుద్దముక్క చేతిలో ఉంటే ఇంక కూతెక్కడిది? బురిడీ అంటే అదీ."

మరునాడు సుద్దముక్కను ధరించి నూకరత్నము మహామంత్రివలె గంభీరముగా నిలిచెను. చదువు మూడవ బల్లను చేరెను. బంగారమ్మ లేచెను. "ప... ప... ప..." అని తొలిమాటయే పెదవులయందు చిక్కుకొనగా నామె కన్నులు నీటితో నిండెను. ఒక మూల కిచకిచలు మొదలయ్యెను. అప్పుడు నూకరత్నము వెనుదిరిగి నల్లబల్లపై గుండ్రని యక్షరములతో తన పేరే వ్రాసికొని పిదప గొంతెత్తి కూసెను.

"ఎందుకే?" అని పంతులమ్మ నిర్విణ్ణయై యడిగెను.

"బంగారికి మాట అడ్డడిపోద్దండి. అందరూ నవ్వుతారండి. నన్ను చూసి నవ్వుకుంటే దాన్ని ఒగ్గేత్తారండి," అని చెప్పి పలక చంకనిడుకొని యా బాలిక తానై యొకటవ తరగతివైపు నడచెను.

పంతులమ్మ యామె చేయి పట్టి బంగారమ్మ చెంత నిలిపెను. "ఇద్దరూ కలిసి చదవండమ్మా."

రెండు కంఠము లొక్కటిగా సాగెను. ఒకటి తడబడినచోట రెండవది దానిని నడిపించెను. ఆ పాఠము తుదిముట్టెను.

తన బురిడీ ఫలించుట చూడవచ్చి కిటికీకవ్వల మీసము దువ్వుచుండిన మేనమామ యేమయ్యెనందువా? దువ్వుచున్న చేతితోడనే కన్నులు తుడుచుకొనెను. ఆ మేనమామను నేనే. నవ్వకుము, కోడికూతకు నీవును నవ్వియేయుందువు.